ఆటల పిల్ల కోసం ఊరు మారిన కుటుంబం: ఒక కేస్ స్టడీ

ప్రభుత్వ హైస్కూళ్ళలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యాక, పిల్లల ఆటల విషయంలో తల్లిదండ్రులకు సలహాలివ్వడం పనిగా పెట్టుకున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది "ఏ అకాడమీలో చేర్పించమంటారు సార్?" అని. "ఏ ఊళ్ళో ఉండమంటారు?" అని అడిగిన కుటుంబం ఇది. కరోనా తర్వాత ఇంటినుంచి పనిచేసే వీలు దొరకడంతో ఈ రెండో ప్రశ్న కూడా ఈమధ్య ఎక్కువగానే వస్తోంది. అందుకే ఈ కేసును మొదటినుంచీ రాసిపెడుతున్నాను. కుటుంబం ఒప్పుకుంది. ఊళ్ళ పేర్లు, బడుల పేర్లు తీసేశాను. గుర్తుపట్టడానికి వీలున్న కొన్ని వివరాలు మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను.

నేపథ్యం

వాళ్ళది హైదరాబాద్ పడమటి శివార్లలో ఒక అపార్ట్‌మెంట్. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్తే సరిపోతుంది. తల్లి ప్రైవేట్ కాలేజీలో లెక్చరర్. ఊరు మారితే ఆమె ఉద్యోగం వదులుకోవాల్సిందే. ఒక్కతే కూతురు, తొమ్మిదో ఏడు, నాలుగో తరగతిలోకి వస్తోంది. తల్లి పుట్టిల్లు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక చిన్న టౌను.

పాపకు ఆటంటే ప్రాణం. ఫలానా ఆట అని లేదు. బంతి కనిపిస్తే తన్నాలి, గోడ కనిపిస్తే ఎక్కాలి, ఎవరైనా పరుగెత్తితే వాళ్ళ వెనక పడాలి. సెల్లార్ పార్కింగ్‌లో బంతి ఆడినందుకు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు ఫొటోతో సహా ఫిర్యాదు వచ్చింది. దాంతో తల్లిదండ్రులు మధ్యతరగతి చేసేదే చేశారు: వారంలో మూడు రోజులు బ్యాడ్మింటన్, రెండు రోజులు స్కేటింగ్, ఆదివారం క్రికెట్ క్యాంప్.

సమస్య

వాళ్ళు వచ్చింది అమ్మాయి కోచింగ్‌కి వెళ్ళనని మొండికేస్తోందని. బూట్లు దాచేస్తోంది, కార్లో ఏడుస్తోంది. ఇంత ఆటల పిచ్చి ఉన్న పిల్ల ఆటకే వెళ్ళనంటే ఏమనుకోవాలి?

నేను ముందు ఒక వారం లెక్క రాయమన్నాను. కోచింగ్ ఎన్ని గంటలో వద్దు, పాప కాళ్ళు చేతులు నిజంగా కదిలినవి ఎన్ని నిమిషాలో రాయమన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత కదలిక కావాలంటుంది. ఈ పాపకు సగం రోజుల్లో అది అందడం లేదు. పోను రాను ట్రాఫిక్‌లో గంటన్నర, కోర్టులో గంట, ఆ గంటలో సగం సేపు వరుసలో నిలబడి తన వంతు కోసం ఎదురుచూపు. ఒంటికి పని తక్కువ, టైమ్‌టేబుల్ మాత్రం నిండుగా ఉంది.

ఆ తర్వాత చేసిన పరీక్ష ఈ కేసులో నాకు దారి చూపింది. మా ఇంటి దగ్గరి గ్రౌండ్‌లో తన ఈడు పిల్లలు ముగ్గురి మధ్య పాపను వదిలి, ఒక బంతి ఇచ్చి పక్కకు తప్పుకున్నాను. అక్కడి పిల్లలు రెండు నిమిషాల్లో జట్లు వేసుకున్నారు. పాప నిలబడిపోయింది. నా వైపు చూసి, "సార్, ఇప్పుడేం చెయ్యాలి?" అంది. కొంచెం సేపటికి కలిసింది, కలిశాక చీకటి పడ్డా రానంది. కాళ్ళలో చురుకుంది, చూపులో ఆత్రముంది. ఆటను తానుగా మొదలుపెట్టడం, ఔటా కాదా అని పోట్లాడుకోవడం, పెద్దపిల్లల మధ్య నిలదొక్కుకోవడం మాత్రం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. కోచింగ్‌లో అవి దొరకవు, పెద్దవాళ్ళు లేనిచోటే దొరుకుతాయి.

అందుకని నా మొదటి సలహా ఊరు మారమని కాదు. బ్యాడ్మింటన్ ఒక్కటి ఉంచి మిగతావి తీసేసి, దగ్గరలో పిల్లలు చేరే ఖాళీ స్థలం వెతకమన్నాను. వెతికారు. ఉన్న ఒక్క ఖాళీ జాగాలో ఆ ఏడాదే టవర్ లేచింది. ప్రభుత్వ బడి గ్రౌండ్‌కి వెళ్ళాలంటే సర్వీసు రోడ్డు దాటాలి, తొమ్మిదేళ్ళ పిల్లను ఒంటరిగా పంపే రోడ్డు కాదది. ఊరు మారే మాట అక్కడ మొదలైంది.

స్పోర్ట్స్ స్కూల్ ఎందుకు వద్దన్నాను

తండ్రి అప్పటికే హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ (హాస్టల్లో ఉండి చదివే ప్రభుత్వ బడి) వివరాలు తెచ్చుకున్నాడు. అక్కడ చేరిక నాలుగో తరగతిలోనే. ముప్పై మీటర్ల పరుగు, నిలబడి లాంగ్ జంప్, 800 మీటర్లు, మెడిసిన్ బాల్ లాంటి పరీక్షలు పెట్టి తీసుకుంటారు. ఈ ఏడు దాటితే మళ్ళీ అవకాశం రాదని ఆయన టెన్షన్. పాప ఆ పరీక్షల్లో గట్టెక్కేదేమో కూడా.

అయినా వద్దన్నాను. స్పోర్ట్స్ స్కూలంటే నాకు చిన్నచూపు లేదు. తిండికీ శిక్షణకూ ఇంట్లో దారిలేని పిల్లలకు అది పెద్ద వరం, అలాంటి పిల్లల్ని నేనే చేర్పించాను. ఈ పాప పరిస్థితి వేరు. ఇల్లు బాగుంది, తిండి బాగుంది, ఇంకా ఏ ఆట తనదో తేలలేదు. పైగా అమ్మ పక్కన లేకుండా నిద్రపట్టని పిల్ల. పన్నెండేళ్ళ లోపు నాలుగైదు ఆటలు కలగలిపి ఆడి, ఆ తర్వాత ఒకటి రెండింటికి దిగడమే మేలని ఈ రంగంలో చాలామంది మాట. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సూచన ఇంకా ముందుకెళ్ళి, ఒకే ఆటకు అంకితం కావడాన్ని పదిహేను పదహారేళ్ళ దాకా వాయిదా వేయమంది.

తండ్రికి నచ్చలేదు. పక్కవారం ఒక పరిశోధన పట్టుకొచ్చాడు. కెనడాకు చెందిన జాన్ కోటే బృందం 2006లో అమెరికా, కెనడా వృత్తి క్రీడాకారుల పుట్టిన ఊళ్ళు లెక్కగట్టింది. ఐదు లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఉండాల్సిన వాటాకంటే ఎక్కువ, మహానగరాల నుంచి వచ్చినవాళ్ళు తక్కువ అని తేలింది. "చూశారా సార్, చిన్న ఊరైతేనే ఛాంపియన్లు!" అన్నాడు.

ఆ ఉత్సాహాన్ని కొంచెం తగ్గించాల్సి వచ్చింది. ఐదు లక్షల లోపు అంటే మన లెక్కలో కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం కూడా వస్తాయి. పదిహేను వేల జనాభా మండల కేంద్రం గురించి ఆ పరిశోధన ప్రత్యేకంగా చెప్పిందేమీ లేదు. పైగా అక్కడి చిన్న ఊరికి హాకీ రింకు, బేస్‌బాల్ మైదానం, వాటిని నడిపే తల్లిదండ్రుల సంఘం ఉంటాయి. మన చిన్న ఊళ్ళో ఏముంటుందో వెళ్ళి చూస్తేగానీ తెలియదు. ఆ పరిశోధనలో మనం తీసుకోదగ్గది ఒక్కటే: ఊరు చిన్నదైతే పిల్లలకు ఖాళీ జాగా, తిరిగే స్వేచ్ఛ, రకరకాల వయసుల తోడు దొరికే వీలుంది. వీలు మాత్రమే, ఖాయమని కాదు.

మనవైపు సంగతికి వస్తే, ఊరికి పేరు తెచ్చేది స్టేడియం కాదు, ఆ ఊళ్ళో పాతుకుపోయిన ఆట. విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లే, 2014 కామన్‌వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. సిడ్నీలో 2000లో మన దేశానికి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. అలాంటి ఊళ్ళో పెరిగే పిల్లకు బరువులెత్తడం వింత కాదు, అక్కలు చేసే పని. కాబట్టి ఊరు చూసేటప్పుడు అక్కడ ఏ ఆట నడుస్తోంది, అందులో ఆడపిల్లలున్నారా అని చూడమన్నాను.

మొదటి ఊరు: ఎందుకు కుదరలేదు

సహజంగానే వాళ్ళు తల్లి పుట్టింటి ఊరు ఎంచుకున్నారు. అమ్మమ్మ, తాత, సొంతిల్లు, మామిడి చెట్టు అన్నీ ఉన్నాయి. పైగా కొత్తగా కట్టిన మినీ స్టేడియం, అందులో ఇండోర్ హాలు, చెక్క ఫ్లోరింగ్. ఆదివారం వెళ్ళి చూసి వచ్చి సంబరపడిపోయారు.

నేను వారం మధ్యలో, సాయంత్రం ఐదున్నరకు వెళ్ళి చూడమన్నాను. ఆలోగానే వేసవి సెలవులు వచ్చాయి, ఏకంగా కాపురానికే వెళ్ళి ఉన్నారు. సెలవుల్లో బాగానే గడిచింది. బడులు తెరిచాక అసలు సంగతి బయటపడింది. ఇండోర్ హాలులో పొద్దున ఐదు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది పెద్దల షటిల్: ఆఫీసర్లు, వ్యాపారులు, డాక్టర్లు, అందరూ మెంబర్‌షిప్ కట్టినవాళ్ళు. పిల్లలకు మధ్యాహ్నం మూడింటికి, అంటే బడి వదలకముందే. బయటి మైదానం ఏడాదిలో సగం రోజులు ఎగ్జిబిషన్‌కో, సభకో, పెళ్ళి భోజనాలకో వెళ్ళిపోతుంది. ఆ తర్వాత గుంతలు పూడ్చడానికి ఇంకో నెల.

బడి ఇంకో దెబ్బ. హైవే పక్కన ఎకరాలకొద్దీ క్యాంపస్ ఉన్న పెద్ద ప్రైవేట్ స్కూల్లో చేర్పించారు. బ్రోచర్ నిండా గుర్రపు స్వారీతో సహా ఆటలే. బస్సు ఏడుంపావుకి ఎక్కిస్తే సాయంత్రం ఐదుంపావుకి దింపుతుంది. వారానికి రెండు పీరియడ్లు గేమ్స్, అందులో ఒకటి పరీక్షలప్పుడు గణితం సార్ తీసేసుకుంటాడు. ఐదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్. వీధిలో పిల్లలున్నారా అంటే, వాళ్ళూ వేరే బస్సుల్లోంచి దిగి ట్యూషన్‌కి పోయేవాళ్ళే.

హైదరాబాద్‌లో ఏం జరిగిందో ఇక్కడా అదే జరిగింది, కాకపోతే ట్రాఫిక్ లేదు. తండ్రి నిరాశపడి వెనక్కి వెళ్ళిపోదామన్నాడు. నేను ఆగమన్నాను. చిన్న ఊరు అన్న ఆలోచన తప్పని ఇంకా తేలలేదు. ఈ ఊళ్ళో గ్రౌండ్ పిల్లలది కాదు, అంతవరకే తేలింది.

రెండో ఊరు: ఎంపిక ఎలా జరిగింది

ఈసారి వెతికే పద్ధతి మార్చాం. ముందు ఇల్లు కాదు, ముందు బడి కాదు, ముందు పీఈటీ, అంటే ఆటల టీచరు. జిల్లాలో నాకు తెలిసిన పాత సహోద్యోగులకు ఫోన్లు చేసి ఒక్కటే అడిగాను: "ఎస్‌జీఎఫ్ జోనల్ మీట్‌కి ఏటా ఆడపిల్లల జట్టు పట్టుకొచ్చే బడి ఏది?" స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలకు పిల్లలు బడి తరఫునే వెళ్ళాలి. మండలం, జోన్, జిల్లా, రాష్ట్రం, అలా మెట్లు. అండర్ 14, 17, 19 విభాగాలు. పీఈటీ లేని బడి ఆ మెట్ల దగ్గరికే రాదు. చిన్న టౌన్లలో చాలా ప్రైవేట్ బడులకు పీఈటీ ఉండడు, ఉన్నా ఆయన పని ప్రేయర్‌లో క్రమశిక్షణ చూడటం.

నలుగురిలో ముగ్గురు ఒకే పేరు చెప్పారు. పుట్టింటి ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఇంకా చిన్న టౌను. అక్కడ జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ మేడం ఉన్నారు, చాలా ఏళ్ళుగా అక్కడే, సొంతిల్లు కూడా ఆ ఊళ్ళోనే. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆమె బదిలీ అయితే ఆట పోతుంది. సొంతిల్లు ఉన్నవాళ్ళు ఊరు వదలడానికి కొంచెం వెనకాడతారు.

అప్పుడు కుటుంబాన్ని మామూలు బుధవారం సాయంత్రం అక్కడికి పంపాను. వాళ్ళు చూసింది ఇది: జూనియర్ కాలేజీ గ్రౌండ్, ప్రహరీ ఒకవైపు కూలిపోయింది, గడ్డి లేదు, ఎర్రమట్టి. ఒక మూల వాలీబాల్ నెట్, అక్కడ ఆర్టీసీ డ్రైవర్ల నుంచి ఇంటర్ కుర్రాళ్ళ దాకా ఉన్నారు. మధ్యలో సున్నంతో గీసిన ఖోఖో కోర్టు, అందులో ఏడో తరగతి నుంచి డిగ్రీ దాకా అమ్మాయిలు. చుట్టూ ట్రాక్‌లా పడిన కాలిబాట మీద కానిస్టేబుల్ ఈవెంట్లకు ప్రాక్టీస్ చేసే యువతులు. మన రాష్ట్రంలో ఆ ఉద్యోగానికి ఆడవాళ్ళు 800 మీటర్లు నిర్ణీత సమయంలో పరుగెత్తాలి. తెలంగాణలో చాలా ఊళ్ళలో గ్రౌండ్‌కి ప్రాణం పోస్తున్నది ఈ పోలీసు ఉద్యోగాల ఆశే. ఏ క్రీడా విధానంలోనూ ఈ మాట రాసి ఉండదు.

పాప వెళ్ళి ఖోఖో కోర్టు పక్కన నిలబడింది. ఎవరో రమ్మన్నారు, వెళ్ళింది. ఇంకొకటి కూడా తల్లి గమనించింది: గ్రౌండ్‌కి వస్తున్న పిల్లలందరూ నడిచో, సైకిల్ మీదో వస్తున్నారు. దింపడానికి ఒక్క పెద్దమనిషీ రాలేదు.

ఊరు తేలింది. ఇంట్లో గొడవ మొదలైంది. పాతిక కిలోమీటర్ల దూరంలో సొంతిల్లుండగా అద్దెకు ఉండటమా? "ఇల్లు పెట్టుకొని కిరాయికుంటే నలుగురేమంటరు?" అని అమ్మమ్మ అడిగిందానికి ఎవరి దగ్గరా సమాధానం లేదు. తల్లి గట్టిగా నిలబడింది. ఊరు మారి ఉద్యోగం వదులుకుంటున్నది తను, అలాంటప్పుడు సగం సగం పని చేయనంది. గ్రౌండ్‌కి ఐదు నిమిషాల నడకలో ఇల్లు తీసుకున్నారు. నేను పట్టుబట్టింది ఆ ఐదు నిమిషాల దగ్గరే. అద్దె ఎక్కువైనా, ఇల్లు ఇరుకైనా, మధ్యలో పెద్ద రోడ్డు ఉండకూడదు. పాప తనంతట తాను వెళ్ళి రాలేకపోతే ఊరు మార్చిన ఖర్చంతా వృథా.

బడి విషయంలో మధ్యేమార్గం పట్టాం. ఐదో తరగతి దాకా ఇంటి దగ్గరి చిన్న ప్రైవేట్ బడి, ఆరు నుంచి మేడం ఉన్న జెడ్పీ హైస్కూలు, ఇంగ్లీషు మీడియం. తండ్రికి ఇది మింగుడుపడటానికి చాలా రోజులు పట్టింది. లెక్కలు, సైన్సు తల్లి ఇంట్లో చెప్పుకుంటానంది, చెప్పుకుంది కూడా.

ఫలించినవి, మూల్యం

మొదటి రెండేళ్ళ గురించి రాయడానికి పెద్దగా లేదు. బాగా సాగాయంటే అంతే మరి. పాప ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, చెరువులో ఈత (మామయ్య పక్కన ఉన్నప్పుడు మాత్రమే), సంక్రాంతికి గాలిపటాలు, అన్నీ చేసింది. ఎవరూ ఏదీ నేర్పలేదు, మేడం ఖోఖో తప్ప.

మూల్యం చెల్లించింది తల్లి. ఆదాయం పోయింది, తోటి లెక్చరర్లు పోయారు, సాయంత్రం మాట్లాడుకోవడానికి మనిషి లేదు. ఏడాది తర్వాత ఆన్‌లైన్‌లో ఇంటర్ పిల్లలకు పాఠాలు మొదలుపెట్టాక కొంచెం తేరుకుంది. ఊరు మారే కుటుంబాలకు ఇప్పుడు నేను పిల్ల గురించి అడిగే ముందు, ఉద్యోగం వదిలేది ఎవరు, వాళ్ళ రోజు ఎలా గడుస్తుంది అని అడుగుతున్నాను.

పదకొండో ఏట మణికట్టు విరిగింది. తాత పసరు కట్టు కట్టించాలని పట్టుబట్టాడు, ఆ చుట్టుపక్కల పేరున్న కట్టు వైద్యుడున్నాడు. పిల్లల ఎముక చివర ఎదిగే భాగం ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలి సరిగ్గా కూర్చోకపోతే చెయ్యి వంకర పోవచ్చు, ఎక్స్‌రే లేకుండా చెయ్యి ముట్టుకోనివ్వొద్దని చెప్పాను. ముప్పావుగంట దూరంలో ఆర్థోపెడిక్ డాక్టర్ ఉన్నాడు. ఈ దూరం ఊరు ఎంచుకునేటప్పుడే లెక్కలో వేసుకున్నాం కాబట్టి ఆ రోజు కంగారు పడలేదు.

పన్నెండో ఏట

అసలు కష్టం ఇక్కడ వచ్చింది. ఈ కేసు రాయడానికి సగం కారణం కూడా ఇదే.

నా ఉద్యోగ జీవితమంతా చూశాను: ఆరో తరగతిలో గ్రౌండ్ నిండా ఆడపిల్లలు, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ పాపా అదే దారిన పోబోయింది. పెద్దమనిషయింది. అమ్మమ్మ వేడుక చేసింది, ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టింది: "గింత పెద్దగైనంక గ్రౌండ్ల ఆటలేంది బిడ్డా, ఇంట్ల ఉండరాదు?" వాలీబాల్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్ళ కూతలు. జెర్సీ గురించి ఒక మాట. పాప ఇంట్లో ఏమీ చెప్పలేదు. కడుపునొప్పి అని మానడం మొదలుపెట్టింది, ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేసింది.

తండ్రి చేసిన మొదటి పని రోజూ తను వెంట వెళ్ళి గ్రౌండ్ గట్టు మీద కూర్చోవడం. ఇంట్లో ఉన్న రోజుల్లో వెళ్ళేవాడు. కూతలు ఆగాయి. ఆటా ఆగింది. ఒకరి నాన్న కాపలా ఉంటే మిగతా పిల్లలు దగ్గరికి రారు. పాపకు అది మరీ తలవంపులైంది. వారం తిరక్కుండానే మాన్పించాను.

రెండోది, మొదటి ఊరి ఇండోర్ హాలులో షటిల్. పాతిక కిలోమీటర్లు కార్లో వెళ్ళి, అంకుళ్ళ మధ్య ఆడి రావడం. సురక్షితమే. పాప కొన్నాళ్ళు వెళ్ళింది, మొహంలో ఉత్సాహం లేదు. ఊరు మారి ఇక్కడిదాకా వచ్చింది మళ్ళీ కారెక్కి కోచింగ్‌కి వెళ్ళడానికి కాదుగదా.

అప్పుడు మేడంతో కూర్చున్నాను. ఆమె చెప్పిన మాట నాకు బాగా పనికొచ్చింది: "సార్, ఒక్క పిల్లను గ్రౌండ్‌కి రప్పించలేం. పన్నెండు మందిని రప్పించొచ్చు." ఖోఖో జట్టంటే పన్నెండు మంది, బరిలో తొమ్మిది మంది. జట్టు నిండాలనే సాకుతో మేడం ఇల్లిల్లూ తిరిగి, ఏడు ఎనిమిది తరగతుల్లో మానేసిన అమ్మాయిల తల్లులతో మాట్లాడారు. జట్టంతటికీ ఒకే రంగు ట్రాక్ ప్యాంటు, వదులు టీషర్టు కుట్టించారు. ఏం వేసుకోవాలన్న ప్రశ్న ఒక్కో ఇంట్లో విడివిడిగా తేలాల్సిన పని లేకుండా పోయింది. జూనియర్ కాలేజీ బాత్రూమ్ తాళంచెవి ప్రిన్సిపాల్‌ని అడిగి తెచ్చి మేడం దగ్గరే ఉంచుకున్నారు. నెలసరి రోజుల్లో సగం మంది రాకపోవడానికి కారణం నొప్పి కాదు, ప్యాడ్ మార్చుకునే చోటు లేకపోవడం. ఆ తాళంచెవితో హాజరు పెరిగింది.

ప్రాక్టీస్‌ని పొద్దున ఐదున్నరకి మార్చారు. ఆ టైమ్‌లో గ్రౌండ్‌లో ఉండేది కానిస్టేబుల్ ప్రాక్టీస్ అమ్మాయిలు. వాళ్ళు ఇరవై, ఇరవై రెండేళ్ళవాళ్ళు, ఎవరి మాటా పడరు. కుర్రాళ్ళలో ఒకడు ఏదో అంటే వాళ్ళే వెళ్ళి తేల్చుకున్నారు, పెద్దవాళ్ళ దాకా రానివ్వలేదు. పాప వాళ్ళ వెనక పరుగెత్తడం మొదలుపెట్టింది. తనకు 800 మీటర్లంటే ఇష్టమని అలా తేలింది.

అమ్మమ్మ సంగతి తల్లి చూసుకుంది. వాదించలేదు. జోనల్ పోటీలకు ఆమెను కూడా తీసుకెళ్ళింది. అక్కడ నాలుగైదు మండలాల అమ్మాయిలను ఒకేచోట చూశాక ఆమె మనసు పూర్తిగా మారిందని చెప్పలేను గానీ, పొద్దున్నే పాపకు గుడ్లు ఉడకబెట్టే పని మాత్రం తనే తీసుకుంది.

ఇప్పుడు

పాప ఎనిమిదో తరగతి. ఖోఖోలో అండర్ 14 జిల్లా ఎంపికల దాకా వెళ్ళింది, రాష్ట్ర జట్టుకు రాలేదు. పరుగులో జోన్‌లో రెండోది. దేశానికి ఆడుతుందా అని తండ్రి ఇప్పటికీ అడుగుతాడు. నాకు తెలియదనే చెప్తాను.

ఊళ్ళోకి వచ్చిన మొదటి ఏడాదే ఊరు దాటే సంగతి కూడా మాట్లాడుకున్నాం. చిన్న ఊరు పదమూడు, పద్నాలుగేళ్ళ దాకా ఇవ్వగలిగింది ఇస్తుంది, ఆ తర్వాత ట్రాక్, కోచ్, తనకంటే వేగంగా పరుగెత్తే తోటివాళ్ళు కావాలి. నిఖత్ జరీన్ నిజామాబాద్ కలెక్టరేట్ గ్రౌండ్‌లో ముందు అథ్లెటిక్స్‌తో మొదలుపెట్టి, అక్కడే బాక్సింగ్‌కి మళ్ళింది. 2009లో, పదమూడేళ్ళ వయసులో విశాఖ శాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రానికి వెళ్ళింది. ప్రపంచ టైటిళ్ళు 2022లో, 2023లో వచ్చాయి. వరంగల్ వైపు పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజీ హైదరాబాద్‌లో శిక్షణ తీసుకుని 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఇద్దరికీ మొదలు చిన్నచోట, పదును మరోచోట. "చిన్న ఊరు ఛాంపియన్లను తయారుచేస్తుంది" అనేవాళ్ళు కథలో రెండో సగం వదిలేస్తారు.

ఈ పాప విషయంలో మూడు షరతులు పెట్టుకున్నాం. వెళ్ళాలని తనే అడగాలి. ఇక్కడ దొరకనిదేమిటో మేడం స్పష్టంగా చెప్పాలి, "ఇంకా మంచి కోచింగ్" అంటే చాలదు. హాస్టల్‌ను మేం మామూలు రోజు సాయంత్రం వెళ్ళి చూడాలి. అప్పటిదాకా వారానికి శిక్షణ గంటలు వయసు సంఖ్యను దాటకూడదు, అంటే పదమూడు లోపు. మోకాళ్ళు, మడమలు అరిగిపోయిన పిల్లల్ని చూసి చూసి, ఈ లెక్కను నేను గట్టిగా పట్టుకున్నాను.

ఈ కేసులోంచి తీసుకున్నవి

ఊరు చూడటానికి వెళ్ళే కుటుంబాలకు ఇప్పుడు నేనిచ్చే చీటీలో సౌకర్యాల జాబితా లేదు. సాయంత్రం ఐదున్నరకు గ్రౌండ్‌లో పదిమంది పిల్లలున్నారా, అందులో మీ పిల్లకంటే నాలుగేళ్ళు పెద్దవాళ్ళున్నారా, ఆడపిల్లల్లో పదిహేనేళ్ళు దాటినవాళ్ళు కనిపిస్తున్నారా, వాళ్ళు ఎలా వచ్చారు, నడిచా బండి మీదా. ఆడపిల్ల తల్లిదండ్రులకు మూడో ప్రశ్న మిగతా మూడింటికంటే ముఖ్యం. పదేళ్ళ అమ్మాయిలు ఏ ఊళ్ళోనైనా ఆడతారు. పదిహేనేళ్ళ అమ్మాయి ఆడుతున్న ఊళ్ళో మీ పాప ఎదగగలదు. తెలంగాణలో 2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాల బోర్డులు పెట్టారు. బోర్డు చూసి ఊరు ఎంచుకోకండి, దాని కింద మట్టి తొక్కి ఉందో గడ్డి మొలిచి ఉందో చూడండి.

ఈ సలహా అన్ని ఆటలకూ చెల్లదు. ఈ కుటుంబం తర్వాత కొన్నాళ్ళకే ఇంకో తల్లిదండ్రులు వచ్చారు, పదకొండేళ్ళ కొడుకు, ఈతలో రాష్ట్రస్థాయి టైమింగ్ ఉంది, వీళ్ళలాగే ఊరికి వెళ్ళిపోదామని. వద్దన్నాను. ఈత, జిమ్నాస్టిక్స్, టెన్నిస్, కొంతవరకు బ్యాడ్మింటన్ కూడా సౌకర్యం మీద నడిచే ఆటలు. ఈ వయసుకే దారి తేలిపోయిన పిల్లకు ఏడాది పొడవునా నీళ్ళున్న యాభై మీటర్ల పూల్ కావాలి, మన చిన్న ఊళ్ళలో అది దొరకదు. హైదరాబాద్‌లోనే పూల్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో అద్దెకు దిగమన్నాను. దిగారు. ఆ పిల్లవాడికి సైకిల్ కూడా కొనమన్నాను, ఇంకా కొనలేదట.